గట్టిమేళం ఆపినవాడు

మున్వర్ తల అతని డోలు మీదే పడింది. తమ్ముడు వలి బాషాకు ఆ రోజు నుంచి మిగిలింది ఆ ఒక్క దృశ్యమే.

పులివెందుల పక్క ఒక తిరనాళ్ళలో, ఊరేగింపు ముందు నడుస్తున్న మేళం మధ్య నాటుబాంబు పడింది. మేళగాళ్ళ కోసం వేసింది కాదు. వెనక గుర్రబ్బండిలో కూర్చున్న ఒక పెద్దమనిషి కోసం వేశారు, గురి తప్పింది. పెద్దమనిషికి పంచె మాసింది. డోలు వాయిస్తున్న మున్వర్ చచ్చిపోయాడు. పక్కనే నాదస్వరం ఊదుతున్న వలి బాషా ఒంటి మీద గీత కూడా పడలేదు. ఆంధ్ర రాష్ట్రం వచ్చి అప్పటికి రెండేళ్ళు కూడా కాలేదు. వలిని చూసి అదృష్టవంతుడన్నారు. నెత్తురు కారితేనే దెబ్బ అనుకునే జనం.

నలభయ్యో రోజు ఫాతెహా అయిన మరుసటి వారమే ప్రొద్దుటూరులో పెండ్లి వచ్చింది. గురురాజారావు అనే గుమాస్తా కూతురి పెండ్లి. మేళానికి పెద్ద ఫకీర్ సాహెబ్, వలికి పిల్లనిచ్చిన మామ. అరవై ఏళ్ళవాడు. మున్వర్ పోయాక డోలు మళ్ళీ తనే మెడకు తగిలించుకున్నాడు.

తాళి కట్టే క్షణాన ఎవడో తుమ్ముతాడు, ఏ ముసలమ్మో చావు మాట ఎత్తుతుంది. అవి పెండ్లికూతురి చెవిన పడకూడదని పురోహితుడు వేలెత్తి ఆడిస్తాడు. మేళగాళ్ళు ఉన్న బలమంతా పెట్టి వాయిస్తారు. అదే గట్టిమేళం. చెడ్డ చప్పుడును తొక్కి చంపడానికి పెట్టుకున్న చప్పుడు.

పురోహితుడు వేలెత్తాడు. వలి ఊదాడు. అప్పుడే వీధిలో ఎవరో టపాకాయ పేల్చారు.

వలి ఊపిరి బిగిసిపోయింది. పెదాలు నాదస్వరం పీక మీదే ఉన్నాయి, బుగ్గలు ఉబ్బే ఉన్నాయి, గాలి మాత్రం లోపలికీ రాదు, బయటికీ పోదు. డోలు ఒక్కటే మోగుతోంది. ఆ సందులో పెండ్లికొడుకు పెద్దనాన్న భళ్ళున తుమ్మాడు. పందిరంతా వినపడింది.

"ఊదరా నాకొడకా! ఊదు!" ఫకీర్ సాహెబ్ పండ్లు కొరుకుతూ అన్నాడు.

ఊదలేదు. పెండ్లికూతురి మేనమామ చెప్పు తీసుకొని వచ్చాడు. "మా పిల్ల బతుకు నీ నోట్లో ఉండాదిరా, నోరు మూస్కుంటావా?" అని మూతి మీదే కొట్టాడు. పీక విరిగి పెదవిలో గుచ్చుకుంది. వలి కదల్లేదు. నెత్తురు గడ్డం మీదుగా కారి చొక్కాలోకి పోతున్నా అతను డోలు వైపే చూస్తున్నాడు.

ఆ తరవాత ప్రతి చప్పుడుకూ అంతే. బండి చక్రం రాయెక్కినా ఊపిరి ఆగేది. దర్గాలో తాయెత్తు కట్టించారు. ఒకడు సారాయి పట్టమన్నాడు. ఊదేవాళ్ళలో సగం మంది భయాన్ని సారాయిలో ముంచే పందిట్లోకి వస్తారు, బయటికి చెప్పుకోరు. వలి కూడా తాగి ఒక పెండ్లిలో ఊదాడు. సగంలో అరుగు మీద నుంచి బోర్లాపడ్డాడు. ఆ వారం ముగ్గురు వచ్చి ఇచ్చిన తాంబూలాలు వెనక్కి తీసుకుపోయారు. ఊపిరి మాట వినకపోతే నాదస్వరం కట్టెతో సమానం. వలికి ఇంకో పని రాదు.

"బాయిలో పడినోన్ని మళ్ళ బాయిలోకే తొయ్యాల. అప్పుడే ఈత వస్తాది" అన్నాడు ఫకీర్ సాహెబ్.

రోజూ పొద్దున పెన్నా ఇసకలోకి తీసుకుపోయాడు. వలిని నిలబెట్టి ఊదమన్నాడు. వెనక నిలబడి ఉల్లిగడ్డ టపాకాయలు అతని కాళ్ళ దగ్గర రాళ్ళ మీద విసిరికొట్టాడు. ఊపిరి తెగినప్పుడల్లా చింతబరికెతో పిక్కల మీద పీకాడు.

"ఏందిరా అది?"

"టపాకాయ మామా."

"కాదు. ఏం లేదు. నీకు చెవులు లేవు. చెప్పు!"

"నాకు చెవులు లేవు."

"ఊదు!"

పిక్కలు చిట్లి ఇసక అంటుకునేది. మొదటి వారం వలి వాంతి చేసుకున్నాడు. మూడో వారానికి ఉలిక్కిపడ్డం మానేశాడు. కాళ్ళ మధ్య టపాకాయ పేలినా కన్ను ఆర్పకుండా ఊదాడు. ఫకీర్ సాహెబ్ పొంగిపోయి ఏటి దగ్గర బట్టలుతికే వాళ్ళను పిలిచాడు. "సూడండ్రా! మనిషి కాదు, గండికోట బండ!"

వాళ్ళు చూసింది బండనే. పాటలో ప్రాణం లేదని వాళ్ళకు తెలిసింది, మామకు తెలియలేదు.

ఆ సాయంత్రం ఇంట్లో ఖాతూన్‌బీ చేతిలోంచి ఇత్తడి చెంబు జారింది. వలి తిరిగి చూడకుండానే చెయ్యి విసిరాడు. భార్య పెదవి చిట్లింది. ఎవరిని కొట్టాడో తెలియడానికి అతనికి కొంతసేపు పట్టింది. తెలిశాక గోడకేసి తల కొట్టుకున్నాడు, ఒకసారి కాదు. ఖాతూన్‌బీ జుట్టు పట్టుకొని ఆపింది.

"మా నాయన నేర్పిన ఇద్దె ఇదేనా? బయట బండ, ఇంట్లో పెండ్లాం మూతి పగలగొట్టేదా?"

"నాకు చెవులు లేవు ఖాతూన్."

"ఉండాయి. శానా ఉండాయి. అదే నీ రోగం. కూచో ఈడ."

వాళ్ళది దూదేకుల ఇల్లు. మేళం లేని రోజుల్లో ఖాతూన్‌బీ పరుపులకు దూది ఏకేది. దూలానికి వేలాడుతున్న ఏకే విల్లు దించి ముందు పెట్టుకుంది. కొయ్యగుండుతో నారిని కొడితే జుమ్మని మోగుతుంది.

"ఆ పొద్దు ఏం జరిగిందో చెప్పు. ఎవరికీ చెప్పలా నువ్వు. నాగ్గూడ."

ఆమె దూది ఏకుతూ కూర్చుంది. జుమ్మ్. జుమ్మ్. చెప్పేదాకా ఆమె లేచేది లేదు. ఎంతో సేపటికి అతను నోరు తెరిచాడు.

"చప్పుడు వినపడింది. టపాకాయ అనుకుంటి. మేళగాడు టపాకాయకు ఆపడు గదా. ఊదుతానే ఉంటి. అన్న తల డోలు మీద పడినాక గూడ ఊదుతానే ఉంటి ఖాతూన్. ఒక చరణం మొత్తం ఊదినా. జనం ఉరుకుతాండారు, నేను ఊదుతాండా. అన్న చచ్చిపోతాంటే నేను ఊదినా."

ఖాతూన్‌బీ గుండు కింద పెట్టింది. దూది మీద పడిన తన నెత్తురు చుక్కను గోటితో గిల్లి పారేసింది.

"అంటే నువ్వు ఆగుతాండేది భయానికి కాదు. ఆ పొద్దు ఆగలేదే అని, ఇప్పుడు ఆగుతాండావు."

వలి చాలాసేపు ఏడ్చాడు. ఊరుకోమని ఆమె అనలేదు.

"నేను నీ భయం పోగొట్టను. అది యాడికీ పోదు. మున్వర్ బావ వస్తాడా? రాడు. ఇదీ పోదు. చప్పుడు వస్తే ముందు విను. ఏం చప్పుడో తెలుసుకో. టపాకాయ అయితే ఊదు. బాంబు అయితే ఉరుకు. ఇదేమన్నా పెద్ద ఇద్దెనా?"

మరుసటి రోజు నుంచి ఆమె కొట్టే నారికి అతను ఊపిరి తీయడం నేర్చాడు. జుమ్మన్నప్పుడు పొట్టలోకి గాలి, మోత అణిగేదాకా నిదానంగా బయటికి. డొక్క కింద చెయ్యి ఆనించుకొని అది కదులుతోందా లేదా చూసుకోవాలి. కుదిరాక నాదస్వరం పట్టుకున్నాడు. ఆమె చెప్పకుండా ఏదో ఒకటి ఎత్తి కింద పడేసేది. అతను ఉలిక్కిపడేవాడు. పడనిచ్చేది.

"ఏంది?"

"మూత."

"ఊదు. ఇప్పుడు?"

"రోకలి."

"ఊదు. ఇదేంది?"

"మీ నాయన దగ్గు."

"దానికి ఊదొద్దు, ఉరుకు."

ఇద్దరూ నవ్వారు. మున్వర్ పోయాక ఆ ఇంట్లో నవ్వు వినపడడం అదే మొదలు. గుమ్మం అవతల ఫకీర్ సాహెబ్ నిజంగానే దగ్గుతున్నాడు. "దూది ఏకే ఇద్దెతో సంగీతమంట. తూ" అని ఉమ్మేసి పోయాడు.

రెండు నెలలకు ప్రొద్దుటూరులోనే మళ్ళీ పెండ్లి. తాళి దగ్గర టపాకాయ పేలింది. వలి భుజాలు ఎగిరాయి, ఒక స్వరం సగం విరిగింది. డొక్క నిండా గాలి లాగి ఊదాడు. ఈసారి పాటలో మనిషి ఉన్నాడు. ఫకీర్ సాహెబ్ ఊరంతా చెప్పుకున్నాడు: "నా టపాకాయల మహిమ అప్పా. ఇంగ వాడు ఫిరంగి పేల్చినా ఆపడు."

ఆ మాట జమ్మలమడుగు దాకా పోయింది. ఎర్రబండపల్లె మునసబు ఓబిరెడ్డి తన కూతురి పెండ్లికి ఈ మేళమే కావాలని మనిషిని పంపాడు.

పెండ్లి పొద్దున పదిగంటలకు. మేళగాళ్ళు తెల్లవారేసరికి దిగారు. వెనక దొడ్డిలో వంటకు కట్టెలు కొడుతున్న మనిషి గొడ్డలి ఆపి పలకరించాడు. సుంకన్న, ఆ ఊరి పాలేరు.

"ఏమప్పా సాయిబూ, నా బిడ్డ పెండ్లికి వచ్చి ఊదుతావా? సంగటి, ఊరిబిండి పెడతా."

"నెయ్యి ఏస్తే వస్తా."

"నెయ్యి మా రెడ్డి మీసాలకే లేదప్పా, నాకు యాడిది? సోమవారం కోర్టుకు పోయి సాక్ష్యం చెప్పి వస్తా. ఆమైన మాట్లాడుకుందాం."

సాక్ష్యం దేనికో అతనే చెప్పాడు. మునసబు తమ్ముడు శేషారెడ్డి ఎండాకాలంలో శనక్కాయ చేన్లో ఒక మనిషిని నరికాడు. గట్టున పడుకున్న సుంకన్న చూశాడు. చూసినవాడు ఇంకెవడూ లేడు.

"రెడ్డే మనిషిని పంపినాడు, పెండ్లికి వచ్చి కట్టెలు కొట్టు అని. కోపం ఉంటే పిలుస్తాడా? ఏమంటావు?"

వలి నాదస్వరం గుడ్డ విప్పుకుంటూ పక్కకు నడిచాడు. పెద్దవాళ్ళ సంగతి మేళగాళ్ళకెందుకని అందరిలాగే తనూ అనుకున్నాడు.

పందిట్లో మునసబు ఫకీర్ సాహెబ్‌ను పక్కకు పిలిచాడు. "తాళికి పంతులు వేలెత్తుతాడు. అది మామూలే. తలంబ్రాలప్పుడు నేను ఎత్తుతా. నేను దించేదాకా గట్టిమేళం ఆగకూడదు."

"ఎత్తు రెడ్డీ. మావోడు ఆపేరకం కాదు."

"అందుకే గదా మిమ్మల్ని పిలిపించింది."

తాళి కట్టించాడు పురోహితుడు అనంతపద్మనాభం. గట్టిమేళం మోగింది, ఆగింది. తలంబ్రాలు మొదలయ్యాయి. అందరూ నవ్వుతున్నారు. అప్పుడు మునసబు చూపుడువేలు పైకి లేచింది.

"ఇప్పుడెందుకయ్యా గట్టిమేళం? ముహూర్తం అయిపాయె గదా" అన్నాడు పురోహితుడు. ఆ మాట ఆయన పక్కన కూర్చున్న పెండ్లికొడుక్కి కూడా సరిగా వినపడలేదు. ఫకీర్ సాహెబ్ డోలు అందుకున్నాడు. వలి ఊదాడు. పందిరి గుంజలు అదిరాయి.

ఆ మోత అడుగున ఏదో కదిలింది. వలి భుజాలు ఎగిరాయి. డొక్క బిగిసింది. నారి మోత తలుచుకున్నాడు. గాలి దించాడు. ఏంది? మూత కాదు. రోకలి కాదు.

దొడ్డి వైపు నుంచి మనిషి అరుపు.

ఇంకోసారి ఊపిరి తీసుకునే సందులో మళ్ళీ విన్నాడు. ఈసారి మాటలు వినపడ్డాయి. మునసబు ముఖం చూశాడు. ఆ ముఖంలో పెండ్లి లేదు. వేలు అట్లాగే నిలబడి ఉంది, కొయ్యమేకులాగా. చెడ్డ చప్పుడును తొక్కి చంపడానికే గట్టిమేళం. ఈ పొద్దు చంపేది చప్పుడును కాదు. సుంకన్నను నరుకుతున్నది దొడ్లో కత్తి. ఆ కత్తికి పిడి పందిట్లో తన నోట్లో ఉంది.

ఆ పొద్దు అన్న చావు మీద ఒక చరణం మొత్తం ఊదాడు. మూడో అరుపు వచ్చింది.

వలి నాదస్వరం నోట్లోంచి తీసేశాడు.

ఫకీర్ సాహెబ్ కండ్లు తేలేశాడు. వాయిస్తూనే డోలుపుల్లతో అల్లుడి చెవి మీద కొట్టాడు. "ఊదురా! సంపుతారు!" వలి వంగి రెండు అరచేతులూ డోలు తోలు మీద పెట్టి నొక్కాడు. పుల్ల అతని వేళ్ళ మీద రెండుసార్లు పడింది. చిటికెనవేలు విరిగింది. చేతులు తీయలేదు. తాళాలు వాటంతట అవే ఆగిపోయాయి.

పందిరంతా నిశ్శబ్దం. ఆ నిశ్శబ్దంలోకి నాలుగో అరుపు వచ్చిపడింది. తలంబ్రాల చేతులు గాలిలో ఆగాయి.

మగపెండ్లివారు పులివెందుల వాళ్ళు. మునసబు మనుషులు కారు. పెండ్లికొడుకు తండ్రి లేచాడు. "ఏందది ఓబిరెడ్డీ? నా కొడుకు పెండ్లిలో మనిషిని కోస్తాండావా?" అని తన మనుషులను వెంటేసుకొని దొడ్డికి ఉరికాడు. శేషారెడ్డీ వాడితో ఉన్న ఇద్దరూ గోడ దూకారు. గడ్డివామి కింద సుంకన్న పడి ఉన్నాడు. కుడిచెయ్యి మోచేతి దగ్గర తోలుకు వేలాడుతోంది. భుజం తెరుచుకుంది. గొంతు మీద ఇంకా కత్తి పడలేదు. ఇంకొక్క నిమిషం గట్టిమేళం మోగుంటే పడేది.

పెండ్లివారి బండిలోనే అతన్ని జమ్మలమడుగు ఆసుపత్రికి తోలారు. మేళగాళ్ళకు బండి ఎవరిస్తారు? నడిచారు. పెన్నా ఇసకలో ఎండ మండుతుండగా మునసబు మనుషులు ఆరుగురు కలిశారు.

వలి నాదస్వరం వలి మీదే వాడారు. ఇద్దరు చేతులు విరిచి పట్టుకున్నారు. ఒకడు ఆ కట్టెను రోకలిలాగా పట్టుకొని వెడల్పు కొసతో మూతి మీద పొడిచాడు. "ఆపుతావా? ఆపుతావా? ఇంగ జన్మలో ఊదవు." మొదటి పోటుకు పై పండ్లు లోపలికి పోయాయి. రెండో పోటుకు కింది పెదవి రెండుగా చీలింది. మూడో పోటుకు ఫకీర్ సాహెబ్ వచ్చి అల్లుడి మీద బోర్లా పడ్డాడు. ఆ పోటు ముసలాయన వీపున దిగింది. అతని డోలు చింపి, చట్రం కాళ్ళతో తొక్కి పోయారు.

ఇసకలో మామా అల్లుడూ పక్కపక్కన పడి ఉన్నారు. వలి నోట్లోంచి ఎర్రటి బుడగలు వస్తున్నాయి.

"ఊపిరి తీస్కో. పొట్టలోకి తీస్కో" అంటున్నాడు ఫకీర్ సాహెబ్. అది ఎవరు నేర్పిన మాటో ఆయనకు తెలుసు.

సుంకన్నను నరికిన కేసు జమ్మలమడుగు మేజిస్ట్రేటు కోర్టుకు వచ్చింది. సుంకన్న ఎడమచేత్తో వేలిముద్ర వేసి చెప్పాడు. పాలేరు అబద్ధం చెబుతున్నాడన్నారు. పెండ్లికి వచ్చినవాళ్ళు, మగపెండ్లివారితో సహా, సంబంధం చెడుతుందని మాకేమీ తెలియదన్నారు. మంచిది, ఇంకో సాక్షి? వలి బోనెక్కాడు. ముందు పండ్లు లేవు. మాట గాలిలో కలిసిపోతోంది. కోర్టు గుమాస్తా ప్రతి మాటా రెండుసార్లు అడిగి రాసుకుంటున్నాడు. గోడ పక్కన ఖాతూన్‌బీ నిలబడి ఉంది.

మునసబు తరఫు ప్లీడరు లేచాడు. "ప్రొద్దుటూరులో గురురాజారావు గారి ఇంట్లో తాళి దగ్గర నువ్వు ఆపింది నిజమేనా?"

"నిజమే."

"అక్కడ ఎవరన్నా హత్య చేశారా?"

"లేదు. టపాకాయ."

కోర్టు నవ్వింది. ప్లీడరు తిరిగి నాలుగడుగులు వేశాడు. చేతిలో లావుపాటి పుస్తకం ఉంది. ఉన్నట్టుండి దాన్ని బల్ల మీద ఫెడీమని కొట్టాడు.

వలి ఎగిరిపడ్డాడు. చేతులు బోను కొయ్యను పట్టుకున్నాయి. అందరూ చూశారు. వెనక ఎవడో ఈల వేశాడు.

"చూశారు గదా. ఇతనికిది జబ్బు. ఆరోజు కూడా అంతే. అరుపూ లేదు, ఏమీ లేదు. భయపడ్డావు, ఆపావు. అవునా కాదా?"

వలి డొక్క కింద చెయ్యి పెట్టుకున్నాడు. ఒక ఊపిరి. ఇంకొకటి. మేజిస్ట్రేటు గడియారం వైపు చూశాడు.

"భయపడినా. ఇప్పుడూ పడినా. అది పుస్తకం."

"ఏమిటి?"

"నువ్వు కొట్టింది పుస్తకం. ఆ పొద్దు ఇన్నది పుస్తకం కాదప్పా. భయపడినాక ఆపలా నేను. ఊపిరి తీస్కున్యా. ఇన్నా. మూడుసార్లు అరిచినాక ఆపినా. నేను ఆపినాక నాలుగోది పందిట్లో అందరూ ఇన్నారు."

"ఆహా. ఏమని అరిచాడో?"

"మొదటిది మాట లేదు. రెండోసారి, శేషప్పా నా చెయ్యి, అన్యాడు. మూడోసారి బిడ్డ పేరు పిలిచినాడు. ఎల్లమ్మా అని."

సుంకన్న ఆ పొద్దు కట్టెలు కొడుతూ కూతురి పెండ్లి మాట చెప్పాడే గాని పేరు చెప్పలేదు. బెంచీ మీద కూర్చున్న సుంకన్న మొండిచేత్తో ముఖం కప్పుకున్నాడు. ఈల వేసినవాడు మళ్ళీ వేయలేదు.

ప్లీడరు పుస్తకం తీసి చంకలో పెట్టుకున్నాడు. ఒక్కడు వింటే ఎట్లా నమ్మడం, మేళంలో ఇంకా మనుషులున్నారు గదా, డోలు పక్కనే ఉంది గదా, వాళ్ళకెందుకు వినపడలేదు అన్నాడు. మంచి ప్రశ్నే. మేజిస్ట్రేటు ఫకీర్ సాహెబ్‌ను పిలిపించాడు.

ముసలాయన కర్ర పట్టుకొని వంగి వచ్చాడు. బోనెక్కడానికి వలి చెయ్యందించాడు. ఆయన పట్టుకోలేదు.

"డోలు వాయించింది నువ్వేనా?"

"నేనే దొరా."

"అరుపు వినపడిందా?"

ఫకీర్ సాహెబ్ మునసబును చూశాడు. అల్లుడి మూతిని చూశాడు. గోడ పక్కన కూతురిని చూశాడు. పొట్టలోకి ఒక ఊపిరి తీసుకున్నాడు.

"వినపడింది."

"ఎన్నోసారి?"

"మొదటిసారే."

"మరి ఏం చేశావు?"

"ఇంగా గట్టిగా కొట్టినా."